కర్ర పారేస్తేనే విశ్వాసమా?

ప్రశ్న: అమ్మగారికి వందనాలు. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. నాకు నలభై ఒక్క ఏళ్లు. ఇరవై ఏళ్లుగా కొబ్బరి దింపు తీసి బతుకుతున్నాను. క్రితం ఏడాది వానల్లో చెట్టు మీద నుంచి పడి కుడి తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. ఆసుపత్రిలో పక్క మంచం కుర్రాడికి తోడున్న ముసలమ్మ రోజూ రాత్రి బైబిలు చదివేది. కొండల వైపు కన్నులెత్తుతున్నానని ఆమె చదువుతుంటే, మా కోనసీమలో కొండలెక్కడివి అనుకుంటూ సీలింగు ఫ్యాను వైపు చూసేవాడిని. ఒక రాత్రి ఎందుకో ఏడుపు వచ్చింది, భయం తగ్గింది. అప్పటి నుంచి యేసు ప్రభువును నమ్ముకున్నాను. పదకొండు నెలలైంది. కుడిచేత్తో కర్ర పట్టుకుని నడుస్తున్నాను. ఎముక అతుక్కోలేదని, తుంటి దగ్గర నుంచి కొంచెం ఎముక తీసి పెట్టి మళ్లీ ఆపరేషన్ చేయాలని డాక్టరు గారు అంటున్నారు. మా ప్రార్థన బృందం పెద్ద మాత్రం, ఆపరేషన్‌కు ఒప్పుకుంటే అది అవిశ్వాసమేనని, వచ్చే నెల కూటాల్లో వేదిక మీద కర్ర పారేసి సాక్ష్యం చెప్పాలని అంటున్నారు. ఒకసారి ప్రార్థనలో కర్ర లేకుండా నాలుగడుగులు వేశాను కూడా. మర్నాటికి కాలు వాచింది. దాచిన పాపమేదో ఉందన్నారు. డబ్బిచ్చి అభిషేక తైలం కొని రోజూ గట్టిగా రుద్దుతున్నాను. మా అత్తగారేమో అంతర్వేది మొక్కు తీర్చనందుకే పడ్డానంటుంది. మా ఇంటావిడ నా దారికి రాలేదు. 'నీ దేవుడు నీకు, నా దేవుడు నాకు, ఆపరేషన్ మానితే మాత్రం ఊరుకోను' అంటుంది. నా విశ్వాసం చాలలేదా? సాక్ష్యం చెప్పనా? బాప్తిస్మం కూడా వెంటనే తీసుకోమంటున్నారు. రాత్రిళ్లు ఇంకా చెట్టు మీద నుంచి జారుతున్నట్టే ఉలిక్కిపడి లేస్తున్నాను.
– ఒక దింపు కార్మికుడు

సమాధానం: బాబూ, కర్ర పారేసే సంగతి తర్వాత చూద్దాం. ముందు దాన్ని చెయ్యి మార్చండి. విరిగింది కుడి కాలు కాబట్టి కర్ర ఎడమ చేతిలో ఉండాలి. మనిషి నడిచేటప్పుడు కుడి కాలూ ఎడమ చెయ్యీ కలిసే ముందుకు పోతాయి. కుడి కాలు నేల మీద ఆనే క్షణంలోనే ఎడమ చేతిలోని కర్ర కూడా ఆనితే, తొడ మీద పడాల్సిన బరువులో కొంత అది మోస్తుంది. దెబ్బ తగిలిన వైపే కర్ర పట్టుకుంటే ఒళ్లంతా అటే వాలుతుంది. ముప్పై ఒక్క ఏళ్లు ఎముకల వార్డులో నర్సుగా పనిచేశాను. డిశ్చార్జి రోజున ఎడమ చేతిలో పెట్టి పంపిన కర్ర, నెల తిరిగి పరీక్షకు వచ్చేసరికి కుడిచేతిలోకి మారి ఉండటం లెక్కలేనన్ని సార్లు చూశాను. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ తగిలిన కాలూ కర్రా ముందు. ఇంకో మాట, ఆ నూనెతో గట్టిగా రుద్దడం ఈ పూటతో ఆపండి. అతుక్కోని ఎముక చుట్టూ మర్దనా చేయకూడదు. నుదుటి మీద రాసుకుంటే నాకు అభ్యంతరం లేదు.

ఇప్పుడు మీరు అడిగిన దానికి వస్తాను. ఆపరేషన్ చేయించుకోండి. ఈ ఒక్క విషయంలో అటూ ఇటూ ఊగే సమాధానం నా దగ్గర లేదు.

తొడ ఎముకకు వేసిన రాడ్డు ఎముక పని చేయడానికి వేసింది కాదు. మీ ఊళ్లో శ్లాబు పోసినప్పుడు కింద సెంట్రింగు కర్రలు పెడతారు చూడండి, ఇదీ అలాంటిదే. శ్లాబు గట్టిపడేదాకా కర్రలు మోస్తాయి, ఆ తర్వాత శ్లాబు తన బరువు తానే మోసుకుంటుంది. శ్లాబు ఎప్పటికీ గట్టిపడకపోతే ఏదో ఒక రోజు కర్ర విరుగుతుంది. తొడ ఎముక మామూలుగా మూడు నుంచి ఆరు నెలల్లో అతుకుతుంది. తొమ్మిది నెలలు దాటి, చివరి మూడు నెలల ఎక్స్‌రేల్లో కదలిక లేకపోతే ఇక దానంతట అది అతుక్కోదనే లెక్క. మీకు పదకొండు నెలలు. అడుగు వేసిన ప్రతిసారీ ఆ లోహపు కడ్డీ వెంట్రుకవాసి వంగి మళ్లీ లేస్తుంది. తీగను అటూ ఇటూ వంచుతూ ఉంటే చివరికి ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? నా ఉద్యోగంలో విరిగిన రాడ్డుతో వచ్చినవాళ్లను చూశాను. వాళ్లలో ఒక కుర్రాడు వేదిక మీద కర్ర పారేసి వచ్చినవాడే. విరిగిన ముక్కను లోపలి నుంచి తీయడం మొదటి ఆపరేషన్ కంటే ఎంతో కష్టం. ఆ రోజు అతని పక్కన ప్రార్థన బృందం వాళ్లెవరూ లేరు. తల్లి ఒక్కతే ఉంది.

మీకు చేస్తామంటున్నది కొత్త వైద్యమేమీ కాదు. పాత రాడ్డు తీసి లావుది వేయడం, తుంటి ఎముక నుంచి మెత్తటి భాగం కొంత తీసి అతుకు దగ్గర పెట్టడం, లేదా రెండూ. విత్తనాల మడి నుంచి నారు తీసి చేలో నాటినట్టు, బతికున్న ఎముకను తెచ్చి పెడితే అక్కడ కొత్త ఎముక పుట్టడానికి ఊపు వస్తుంది. డాక్టరు గారిని మూడు విషయాలు అడగండి. ఎముక అతుక్కోకపోవడానికి లోపల చీము ఏమైనా కారణమా, రక్తంలో చక్కెర చూశారా, ఆపరేషన్ తర్వాత కాలి మీద ఎంత బరువు ఎప్పటి నుంచి వేయాలి? నాలుగోది నేను అడుగుతున్నాను. బీడీ గానీ చుట్ట గానీ తాగుతారా? తాగుతుంటే ఈ రోజే మానండి. పొగ ఎముకకు రక్తం అందనివ్వదు, అతుకును ఆలస్యం చేస్తుంది. పాపం కోసం వెతికే పెద్దలు ఈ ప్రశ్న అడిగి ఉంటే మీకు కాస్త ఉపకారం జరిగేది.

ఆ నాలుగడుగుల సంగతి. మీరు నటించారని నేను అనను. పాటలు హోరెత్తుతూ, అందరూ చేతులెత్తి మీ కోసం మొరపెడుతుంటే ఒంట్లో నొప్పి నిజంగానే మొద్దుబారుతుంది. యుద్ధంలో గాయపడ్డ సైనికుడు గాయం తెలియకుండా పరుగెత్తడం కూడా ఇదే. శరీరమే నొప్పిని కాసేపు అణచిపెడుతుంది. ఆ అడుగులు నిజం, మర్నాటి వాపూ నిజం. ఎముక అతికిందో లేదో చెప్పాల్సింది మాత్రం ఎక్స్‌రే.

ఇలా అంటే దేవుణ్ణి పరీక్షించినట్టు అవుతుందని మీ బృందం పెద్ద అనవచ్చు. అంటే ఆయనను లూకా సువార్త పదిహేడో అధ్యాయం తీయమనండి. పదిమంది కుష్ఠు రోగులు దూరంగా నిలబడి కేకలు వేస్తే ప్రభువు వాళ్లతో ఏమన్నాడు? వెళ్లి యాజకులకు కనబరచుకోమన్నాడు. ఆ రోజుల్లో ధర్మశాస్త్రం ప్రకారం కుష్ఠు పోయిందో లేదో చూసి నిర్ధారించాల్సింది యాజకుడే. మన లెక్కలో రిపోర్టు రాసేవాడన్నమాట. ఆ పది మందిని వేదిక ఎక్కించలేదు, ముందు చూపించుకు రమ్మన్నాడు. కొందరిని బాగుచేసి ఎవరికీ చెప్పవద్దని కూడా ఆయన గట్టిగా చెప్పినట్టు మార్కు సువార్త మొదటి అధ్యాయంలోనే ఉంది. ఆయన దాచమన్న చోట మనం మైకు పెడుతున్నాం. సువార్త రాసిన లూకా వైద్యుడని పౌలు కొలొస్సయులకు రాసిన పత్రికలో ఉంది. దెబ్బలు తిని దారిలో పడి ఉన్నవాడికి సమరయుడు చేసిందేమిటి? నూనె, ద్రాక్షారసం పోసి గాయాలు కట్టాడు, తన వాహనం మీద సత్రానికి చేర్చాడు, పోషించమని డబ్బు కట్టాడు. నాకు ఇది అంబులెన్సు, డ్రెస్సింగు, అడ్వాన్సు బిల్లు లాగే కనిపిస్తుంది. నా వృత్తి వల్ల అలా కనిపిస్తుందేమో, ఒప్పుకుంటాను.

నూనె రాసి ప్రార్థించడం తప్పని నేను అనడం లేదు. సంఘపు పెద్దలు రోగికి నూనె రాసి ప్రార్థన చేయాలని యాకోబు పత్రికలోనే ఉంది. అక్కడ నూనె ఉంది, ధర మాత్రం లేదు. నయమాను కుష్ఠు పోయినప్పుడు ఎలీషా చిల్లిగవ్వ ముట్టలేదు. వెనకాలే పరుగెత్తి వసూలు చేసుకున్న గేహజీకి ఏమైందో రెండో రాజుల గ్రంథం ఐదో అధ్యాయంలో చదువుకోండి.

మన గోదావరి జిల్లాల సంగతే చూడండి. నేను పుట్టింది పాలకొల్లు వైపు, బ్రదరెన్ అనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబంలో. విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు తమ భార్యలను వెంటబెట్టుకుని 1836లో ఇంగ్లండు నుంచి బయలుదేరి ఈ తీరానికి వచ్చారు. నరసాపురం, పాలకొల్లు కేంద్రాలుగా గోదావరి డెల్టా మిషన్ పెరిగింది ఆ రెండు కుటుంబాల వల్లే. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైంది 1847లో. అంటే మీరు నమ్ముకున్న మార్గం ఈ డెల్టాలో ఆనకట్ట కంటే పాతది. మీ దారి నిన్నగాక మొన్న వచ్చిందని ఎవరైనా ఎత్తిపొడిస్తే చెప్పడానికి పనికొస్తుంది. ప్రార్థనే చాలు, వైద్యం అవిశ్వాసం అనేదే ఈ మార్గమైతే రాజమండ్రిలో లూథరన్లు, పిఠాపురంలో కెనడా బాప్టిస్టులు ఆసుపత్రులు ఎందుకు కట్టారు? నరసాపురంలో కుష్ఠు రోగుల ఆసుపత్రికి పెట్టుకున్న పేరు బేతెస్ద. యోహాను ఐదో అధ్యాయంలో ముప్పై ఎనిమిదేళ్ల రోగి పడి ఉన్న కోనేటి పేరు అది. ఆ పేరును తెచ్చి ప్రార్థన మందిరానికి కాక ఆసుపత్రికి పెట్టుకున్నవాళ్లు వైద్యాన్ని ఎలా చూశారో వేరే చెప్పనక్కర్లేదు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధించింది పాపం మాట. మీ అత్తగారు మొక్కు తీర్చనందుకు పడ్డారంటున్నారు, మీ బృందం పెద్ద దాచిన పాపం ఉంది కాబట్టి లేవలేదంటున్నారు. గుడులు వేరైనా ఇద్దరూ ఒకే మాట అంటున్నారని గమనించారా? కాలు విరిగినవాడి మీదే కేసు పెడుతున్నారు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు కూడా ఇదే అడిగారు, ఎవరు పాపం చేశారు, వీడా, వీడి తల్లిదండ్రులా అని. ప్రభువు ఇద్దరూ కాదన్నాడు. యోహాను తొమ్మిదో అధ్యాయం. వానల్లో కొబ్బరి మాను నాచు పట్టి జారుతుంది. తడిసిన చెట్టు ఎక్కించిన తోట యజమాని తొందర ఉంటుంది, ఎక్కకపోతే ఆ రోజు కూలి పోతుందన్న మీ భయం ఉంటుంది. కారణం కావాలంటే అక్కడ వెతుక్కోవచ్చు. కొబ్బరి అభివృద్ధి బోర్డు చెట్లెక్కేవారికి కేర సురక్ష పేరుతో ప్రమాద బీమా నడుపుతోంది. మీరు అందులో లేకపోయి ఉంటే మీ తోటి దింపు కార్మికులనైనా చేరమనండి. ఆ మాట మీ నోట వస్తే వింటారు.

విశ్వాసం చాలలేదా అన్నారు. మేరీ వర్గీస్ అనే డాక్టరమ్మ గురించి నాకు నర్సింగు చదివే రోజుల్లో చెప్పారు. కేరళ అమ్మాయి, వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చదివింది. 1954లో కారు ప్రమాదంలో వెన్ను దెబ్బతిని నడుము కింద చచ్చుబడిపోయింది. ఆమె కోసం ప్రార్థించనివాళ్లు వేలూరులో ఎవరుంటారు? ఆమె ప్రార్థించకుండా ఉంటుందా? కాళ్లు రాలేదు. చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల వంకరపోయిన చేతులకు శస్త్రచికిత్సలు చేసింది. వెన్ను విరిగినవాళ్లకు మళ్లీ బతకడం నేర్పే కేంద్రం 1966లో వేలూరులో తెరుచుకుందంటే అది ఆమె పట్టుదల. 1972లో పద్మశ్రీ ఇచ్చారు. మీ బృందం పెద్ద లెక్క ప్రకారం ఆమె జీవితాంతం అవిశ్వాసురాలే. ఆ లెక్క తప్పు.

మీకు దొరికింది ఎప్పుడు దొరికిందో ఒకసారి గుర్తు చేసుకోండి. ఎముక అతికిన రోజున కాదు కదా? వెల్లకిలా పడుకుని, బెడ్ పాన్ కోసం పరాయివాళ్లను పిలవాల్సిన స్థితిలో, ఫ్యాను తిరుగుతుంటే, ఎవరో ముసలమ్మ ఇంకెవరి కోసమో చదువుతున్న కీర్తన చెవిన పడి దొరికింది. ఆమె మిమ్మల్ని లేచి నడవమనలేదు. మీకు ఏదీ అమ్మలేదు. కాలు విరిగి ఉండగా వచ్చిన నమ్మకాన్ని ఇప్పుడు కాలితో రుజువు చేయమంటున్నారు. రేపు ఆపరేషన్ బాగా జరిగి కాలు అతికినా, జరగక కుంటితనం మిగిలినా, ఆ రాత్రి ఆ వార్డులో మీకు జరిగినది అలాగే ఉంటుంది. ఆదికాండంలో యాకోబు తెల్లవార్లూ పెనుగులాడి ఆశీర్వాదం సంపాదించాడు. తెల్లారేసరికి తొడగూడు వసిలి ఉంది. సూర్యోదయంలో కుంటుతూ నడిచాడని రాసి ఉంది. ఆ కుంటితనాన్ని దాచమని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

నా సంగతి కూడా చెబుతాను, మీకు అసూయ పడుతున్నానని తెలియాలి కదా. ఆరేళ్ల క్రితం కాలువ రేవు మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. పుట్టుక నుంచీ సంఘంలో పెరిగినదాన్ని, వేలమంది మంచాల పక్కన నిలబడినదాన్ని. కట్టు వేసుకున్న ఆరు వారాలూ ఒక్క ప్రార్థన నోట రాలేదు. నొప్పి, కోపం, ఎడమ చేత్తో అన్నం తినాల్సి వచ్చిందన్న అవమానం. ఆదివారం వంద మంది చెయ్యి పట్టుకుని 'అంతా మంచికే' అంటుంటే ఒళ్లు మండేది. ఆ రోజుల్లో నాకు దొరికిన మేలు ఫిజియోథెరపీ చేయించిన ముస్లిం కుర్రాడు. 'ఇంకో ఐదు సార్లు, అమ్మా' అంటూ నా వేళ్లు వంచేవాడు. మీకు విశ్వాసం తెచ్చిన నొప్పే నాకు దాన్ని కొంతకాలం ఎండబెట్టింది. అందుకే నొప్పిని విశ్వాసానికి కొలబద్దగా పెట్టేవాళ్ల మాట నేను వినను.

సాక్ష్యం మాటకొస్తే, చెప్పండి. నిజం చెప్పండి. పూర్తిగా బాగైందని శనివారం రాత్రి మైకులో చెప్పి, సోమవారం సదరం క్యాంపులో వైకల్యం సర్టిఫికెట్టుకు వరుసలో నిలబడగలరా? నలభై శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే పింఛనుకు దరఖాస్తు చేసుకునే హక్కు మీకుంది. ఆ హక్కును పోగొట్టుకునే అబద్ధం దేవుడి పేరు మీద ఆడనక్కర్లేదు. మీకు మాటలు కావాలంటే ఇలా చెప్పండి: 'నేను చెట్టు మీద నుంచి పడ్డాను. చచ్చిపోతానని భయపడ్డాను. ఆసుపత్రిలో ప్రభువును తెలుసుకున్నాను. భయం పోయింది. కాలు ఇంకా బాగుపడలేదు. ఫలానా రోజున నాకు ఆపరేషన్ ఉంది. మీరంతా ప్రార్థించండి, వీలైనవాళ్లు వచ్చి రక్తం ఇవ్వండి.' అంతే. దీనికి ఐదు నిమిషాలు కూడా పట్టదు. ఇలా చెప్పడానికి ఒప్పుకోకపోతే ఆ వేదిక ఎక్కకండి.

బృందం వాళ్లందరితోనూ తెగతెంపులు చేసుకోమనడం లేదు. మిమ్మల్ని ఆటోలో ఎక్కించి తీసుకెళ్లినవాళ్లు, ఇంటికి బియ్యం పంపినవాళ్లు వాళ్లలో ఉండే ఉంటారు. పక్షవాతం వచ్చినవాణ్ణి నలుగురు మోసుకొచ్చి ఇంటికప్పు విప్పి దించిన కథ మార్కు సువార్తలో ఉంది కదా. మీ బృందంలో ఆ నలుగురు ఎవరో మీకే తెలుస్తుంది. ఆపరేషన్ రోజు వాళ్లను రమ్మనండి. థియేటరు తలుపు బయట నూనె రాసి ప్రార్థన చేయనివ్వండి. లోపలికి మాత్రం వద్దు, అక్కడ శుభ్రం ముఖ్యం. వాళ్లు ప్రార్థిస్తున్నప్పుడు డాక్టరు గారి చేతుల కోసం కూడా ప్రార్థించమనండి. చాలామంది మరిచిపోతారు.

బాప్తిస్మం మీ ఇష్టం, కానీ కాలుతో ముడిపెట్టి తీసుకోకండి. తీసుకుంటే కాలు బాగవుతుందనీ, బాగైతేనే తీసుకుంటాననీ రెండూ బేరాలే. మీ సామాజిక వర్గం మీరు రాయలేదు, నేను అడగను. ఒక వాస్తవం మాత్రం తెలుసుకుని అడుగు వేయండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా హిందువులు, సిక్కులు, బౌద్ధులకే ఉంది. ఆ కులాల నుంచి క్రైస్తవులైనవారిని మన రాష్ట్రంలో బీసీ-సి గా లెక్కిస్తారు. ఇది న్యాయమా అన్నది పెద్ద వాదన, నా అభిప్రాయం నాకుంది, ఇక్కడ చెప్పను. మీకు వర్తిస్తే పిల్లల చదువు, సర్టిఫికెట్ల సంగతి ముందుగా ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి, తెలిసిన న్యాయవాదిని అడగండి. లోపల ఒకటి, కాగితం మీద ఒకటి పెట్టుకుని రోజూ భయపడుతూ బతకడం మంచిది కాదు. ఎవరో తేదీ పెట్టారని తొందరపడకండి. గోదావరి ఎక్కడికీ పోదు.

రాత్రిళ్లు ఉలిక్కిపడటం గురించి ఒక్క వాక్యంలో తేల్చేశారు, నాకు అది చిన్నదిగా అనిపించలేదు. అంత ఎత్తు నుంచి పడిన మనసు శరీరం కంటే ఆలస్యంగా నేల మీదకు దిగుతుంది. ఇది దయ్యం కాదు, విశ్వాసం లోపించడమూ కాదు, దీనికి వైద్యం ఉంది. వచ్చే పరీక్షకు వెళ్లినప్పుడు డాక్టరు గారికి చెప్పండి. చెప్పడానికి మొహమాటమైతే 14416కు ఫోను చేయండి. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం, టెలిమానస్ అంటారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. ఉలిక్కిపడి లేచినప్పుడు ఆ కీర్తన చదువుకోవడమూ మానకండి. 121వ కీర్తన. కునకక నిద్రపోక కాపాడేవాడి గురించే కదా అందులో ఉన్నది.

ఇక మీ భార్య. ఉత్తరంలో ఆవిడకు మీరు ఇచ్చింది ఒకటిన్నర వరుస. మిగతాది నేను ఊహించుకోగలను, ఆ వార్డులో ముప్పై ఏళ్లు చూసిన దృశ్యమే. మంచం కింద చాప పరుచుకుని పడుకున్నది ఎవరు? రెండు గంటలకోసారి మీ నడుము పక్కకు తిప్పి పుండ్లు పడకుండా చూసింది ఎవరు? మీరు పడ్డ రోజు నుంచి ఇంటికి కూలి తెస్తున్నది ఎవరు? ఆవిడ మీ సంఘానికి రాలేదు, సరే. అవిశ్వాసురాలైన భార్య కాపురం చేయడానికి ఇష్టపడితే ఆమెను విడిచిపెట్టకూడదని పౌలు కొరింథీయులకు స్పష్టంగా రాశాడు. అక్కడ అయోమయం లేదు. ఆవిడను మార్చే పని మీ మీద వేసుకోకండి. 'ఆపరేషన్ మానితే ఊరుకోను' అన్న మాట నేను ఈ ఉత్తరం మొత్తంలో చదివిన మంచి మాట.

మీ అత్తగారన్న అంతర్వేది మొక్కు మీ భార్య తీర్చుకోవాలనుకుంటే తీర్చుకోనివ్వండి. ఆవిడ వెంట వెళ్లండి. గుడి లోపలికి వెళ్లాలా వద్దా, ప్రసాదం తినాలా వద్దా అన్నది మీ మనస్సాక్షి. లోపలికి వెళ్లకపోతే వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోట ఇసుకలో కూర్చోండి, ఆవిడ వచ్చేదాకా. ఇసుకలో కర్ర దిగబడుతుంది, చూసుకోండి. భీష్మ ఏకాదశి తీర్థం రద్దీలో మాత్రం వద్దు, ఒక్క తోపులాటకు ఇన్నాళ్ల శ్రమ పోతుంది. మామూలు రోజున వెళ్లండి. తిరిగొచ్చేటప్పుడు ఓపిక ఉంటే సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం దాకా వెళ్లి రండి. ఆవిడ ఈ పదకొండు నెలల్లో ఆసుపత్రికీ ఇంటికీ మధ్య తప్ప ఎక్కడికైనా వెళ్లిందా?

ఆపరేషన్ తేదీ ఖాయం కాగానే నాకు కార్డు ముక్క రాయండి. ఆ రోజు ప్రార్థనలో మీ ఇద్దరినీ తలచుకుంటాను. మీ పేరు ఉత్తరం వెనక ఉంది. మీ భార్య పేరు ఎక్కడా లేదు, 'మా ఇంటావిడ' అనే రాశారు. ఈసారి ఆవిడ పేరు రాయండి.